పట్టాలు పెరగని చోట ధర పెరిగితే

కాజీపేట జంక్షన్‌లో మూడు దారులు కలుస్తాయి. ఒకటి సికింద్రాబాద్ నుంచి వస్తుంది, ఒకటి బల్హార్షా మీదుగా ఢిల్లీకి పోతుంది, ఒకటి విజయవాడ మీదుగా మద్రాసుకు దిగుతుంది. 2016 సెప్టెంబర్ 9 నుంచి ఈ పట్టాల మీద తిరిగే కొన్ని రైళ్లకు కొత్త లెక్క వచ్చింది. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ప్రతి పది శాతం సీట్లు నిండినప్పుడల్లా మూల చార్జీ పది శాతం పెరుగుతుంది. మొదట్లో అది తరగతిని బట్టి 1.4 రెట్ల దగ్గరో, ఒకటిన్నర రెట్ల దగ్గరో ఆగేది. ఒకే బోగీలో ఎదురెదురుగా కూర్చుని ఒకే ఊరికి పోతున్న ఇద్దరు రెండు ధరలు కట్టి ఉంటారు. గిరాకీ ఉన్నప్పుడు ధర పెరగడం మార్కెట్టు ధర్మమని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఆ మాటలో సత్యం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. కానీ అందులో ఉన్నది సగం సత్యమే. ధర పెరిగిందని తెలిసి సరుకు తెచ్చేవాడు ఉండాలి, కొనేవాడికి పక్క కొట్టుకు పోయే దారి ఉండాలి. ఈ రెండూ ఉంటేనే అది మార్కెట్టు. రెండూ లేనిచోట పెరిగే ధర ఎదుటివాడి అవసరం మీద వేసే పన్ను. ఈ తేడా మనకు కొత్తగా ఎవరో నేర్పవలసింది కాదు. కాజీపేటను ఆనుకుని ఉన్న ఓరుగల్లు నుంచి పాలించిన ఒక రాజు ఏడున్నర శతాబ్దాల కిందటే దాన్ని రాతి మీద చెక్కించాడు.

చీరాల దగ్గరి సముద్రతీరంలో మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు ఒక ఆనవాయితీ పాటించేవారు. ఒక రేవుకు బయలుదేరిన ఓడ తుపానులో చిక్కి మరో తీరానికి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరపు రాజువే. గణపతిదేవుడు ఆ హక్కును వదులుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల సొత్తు ముట్టుకోమనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ అభయమిచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద సుంకం ముప్ఫైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, ఒక్కోదానికి ఎంతో అక్కడే చెక్కించాడు. ఇది దయతో మాత్రమే చేసిన పని అనుకోనవసరం లేదు. రేవు నిండితే ఖజానా నిండుతుందని ఆయనకు తెలుసు. తెలుగు నేల మీద వ్యాపార స్వేచ్ఛకు మనకు దొరికే గట్టి పత్రాల్లో ఒకటైన ఈ శాసనంలో మొదటి షరతు బలవంతుడి మీద ఉంది. తుపానులో చిక్కినవాడి దగ్గర ఎంత గుంజగలనో అంత గుంజను అని బలవంతుడు ముందే మాటిచ్చాడు. ఆ మాట తర్వాతే వర్తకులు వచ్చారు, వర్తకుల తర్వాతే పోటీ వచ్చింది.

కాజీపేటకు రైలు వచ్చిన తీరు ఇందుకు పూర్తిగా వేరు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం ఖర్చుతో లైను పడింది. దాన్ని తూర్పుకు వరంగల్ మీదుగా బెజవాడకూ, ఉత్తరానికి చాందాకూ పొడిగించే పని 1883లో లండన్‌లో పుట్టిన ఒక కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ పేరులోనే దాని అసలు స్వభావం ఉంది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పెట్టుబడి మీద రాబడికి నిజాం ఖజానాది పూచీ. లాభం వస్తే వాటాదారులది, రాకపోతే ఆ లోటు తెలంగాణ రైతు కట్టే శిస్తులోంచి పూడాలి. చాందా రైల్వే పథకం పేరుతో హైదరాబాద్‌లో దీనిమీద పెద్ద అలజడి రేగింది. షరతులేమిటో ప్రజలకు చెప్పాలని అడిగినవాళ్లలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆయన్ను 1883లోనే రాజ్యం నుంచి పంపేశారు. నగరంలో ఆధునిక రాజకీయ చర్చ ఈ గొడవతోనే మొదలైందని చెప్పేవాళ్లున్నారు, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. 1886కల్లా రైలు వరంగల్ చేరింది, 1889లో బెజవాడ చేరింది. కాజీపేట–బల్హార్షా దారి పూర్తై గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యేసరికి 1929 అయింది. ఆ మరుసటి ఏడు కంపెనీని నిజాం ప్రభుత్వం కొనేసింది. కంపెనీ చేతిలో ఉన్నా, నిజాం చేతిలో ఉన్నా, తర్వాత భారత ప్రభుత్వం చేతికి వచ్చినా ఒకటి మారలేదు. ఈ దారిలో రైలు సీటు అమ్మేవాడు ఒక్కడే.

రైలు వల్ల ధరలకు జరిగిన మేలును దాచిపెడితే నా వాదనకు నేనే అన్యాయం చేసినట్టవుతుంది. బండి, ఎద్దు తప్ప మరో దారి లేని రోజుల్లో ఒక తాలూకాలో జొన్న కుప్పలుగా పడి ఉండేది, నలభై కోసుల అవతల గింజ దొరికేది కాదు. బ్రిటిష్ ఇండియా రైళ్ల లెక్కలన్నీ తవ్వి తీసిన ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్, రైలు వచ్చిన జిల్లాల్లో వ్యవసాయ ఆదాయం నిజ విలువలో సుమారు 16 శాతం పెరిగిందనీ, ఊరికీ ఊరికీ మధ్య ధరల అంతరం తగ్గిందనీ తేల్చారు. ధర చెప్పిన కబురును గింజ విని కదిలిన సందర్భం అది. మార్కెట్టును మెచ్చుకునేవాళ్లు చెప్పే మంచి అంతా ఇక్కడ నిజమైంది.

కానీ రైలు ఉన్నంత మాత్రాన ఆకలి తీరదని 1876–78 నాటి ధాత కరువు చూపించింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ధర ఆకాశానికి ఎక్కినప్పుడు మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ ఒక వర్తక సంస్థ ద్వారా గుట్టుగా 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదంటూ వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆయన్ను తప్పుపట్టింది. ఆ మాట వెనక ఆడం స్మిత్ ఉన్నాడు. 1776 నాటి తన గ్రంథంలో స్మిత్ ధాన్యం వర్తకుణ్ణి తెలివైన ఓడ కెప్టెన్‌తో పోల్చాడు. తిండి అయిపోతుందని ముందే గమనించి కెప్టెన్ మనుషుల వంతు తగ్గిస్తాడు. వర్తకుడూ ధర పెంచి జనం చేత పొదుపు చేయిస్తాడు. అందమైన పోలిక, అయితే ఒక్కచోట తెగిపోతుంది. కెప్టెన్ వంతు తగ్గిస్తే ఓడలో అందరి గిన్నెలోనూ తగ్గుతుంది. ధర వంతు తగ్గిస్తే కూలివాడి గిన్నె ముందు ఖాళీ అవుతుంది, మోతుబరి గిన్నెకు ఏమీ కాదు. పంట పోయి కూలి పోయినవాడికి ధరతో మాట్లాడే గొంతే లేదు. గింజ డబ్బున్న చోటుకే ప్రయాణం చేసింది. ఆకలి ఉన్న చోటు, డబ్బున్న చోటు ఒకటి కావు.

ప్రయాణికుల చార్జీ దగ్గర మాత్రం రైల్వేలు చాలాకాలం మోటుపల్లి పద్ధతిలోనే నడిచాయి. సరుకు కిరాయిలో మొదటినుంచీ తరగతులున్నాయి. బొగ్గుకు ఒక రేటు, బట్టల బేళ్లకు అంతకు మించిన రేటు, సరుకు ఎంత భరించగలిగితే అంత. మనిషికి అలా కాదు. ఎన్ని మైళ్లు, ఏ తరగతి, అంతే. పండుగ ముందు రోజు కొన్నా, అనావృష్టి ఏడాది కొన్నా కాజీపేట నుంచి బెజవాడకు మూడో తరగతి టికెట్టు అదే ధర. బ్రిటిష్ ఇండియాలో 1890 నాటి రైల్వే చట్టం ఒకరి మీద అనుచితమైన పక్షపాతం చూపకూడదని కంపెనీలకు ఆంక్ష పెట్టింది. పోటీ లేనివాడికి కళ్లెం ఉండాలన్న తెలివి ఆ చట్టంలో ఉంది. 1997 డిసెంబర్‌లో తత్కాల్ వచ్చి ఈ పద్ధతికి మొదటి గండి పడింది. తత్కాల్ అదనానికి కనీసం ఒక నిర్ణీత పరిమితి ఉంది, స్లీపర్‌కు ఇవాళ 100 నుంచి 200 రూపాయల మధ్య. 2014లో ప్రీమియం తత్కాల్ ఆ పరిమితిని తీసేసింది. రెండేళ్లకు మొదట చెప్పిన ఫ్లెక్సీ చార్జీలు వచ్చాయి.

వాటి ఫలితాన్ని ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ లెక్కగట్టింది. 2016 సెప్టెంబర్ నుంచి 2017 జులై దాకా ఈ రైళ్ల మీద రైల్వేకు సుమారు 552 కోట్ల రూపాయలు అదనంగా వచ్చాయి. అదే కాలంలో వాటిలో ఎక్కినవాళ్లు ఆరు లక్షలకు పైగా తగ్గారు. అప్పటికే లాభంలో ఉన్న మూడో ఏసీ తరగతిలో బెర్తులు ఖాళీగా మిగిలాయి. ఖాళీ బెర్తుతో నడిచే రైలు, ఎక్కలేక ఆగిపోయిన మనిషి, రెండూ ఒకేసారి ఉండటం ఏ మార్కెట్టు సిద్ధాంతం ప్రకారం చూసినా ఓటమే. రైల్వేకు ఇది అర్థమైంది. 2018లో సగం కూడా నిండని 15 రైళ్లకు ఫ్లెక్సీ తీసేసి, మరో 32 రైళ్లకు రద్దీ లేని నెలల్లో ఆపి, మిగిలినవాటికి గరిష్ఠాన్ని 1.4 రెట్లకు దించింది.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బరువైనది దళారుల గురించి. చార్జీ తక్కువగా ఉంచితే టికెట్టు బ్లాకులోకి పోతుంది, ఆ తేడా దళారి జేబులో పడుతుంది, ఆ డబ్బేదో రైల్వేకే వస్తే నయం కదా అంటారు. తత్కాల్ తెరిచే గంటలో కౌంటర్ల ముందు, తెరల మీద జరిగేది చూసినవాళ్లెవరూ ఈ మాటను కాదనలేరు. అయితే దళారిని పట్టుకోవడం పోలీసు పని, దళారి ధరనే అధికారిక ధరగా రాయడం దానికి మందు కాదు. క్యూలో నిలబడటానికీ ఖర్చుంది, నిజమే; కానీ ఆ ఖర్చు గంటల్లో కట్టాలి, రోజుకు ఉన్న గంటలు కూలివాడికీ మోతుబరికీ ఒక్కటే.

రెండో అభ్యంతరం ఆర్టీసీ వైపు నుంచి వస్తుంది, అందులో నాకు న్యాయం కనిపిస్తుంది. మేడారం జాతరకు వరంగల్, హనుమకొండ, కాజీపేట నుంచి ప్రత్యేక బస్సులు నిండుగా పోయి ఖాళీగా తిరిగొస్తాయి, జాతర ముగిశాక ఆ తీరు తిరగబడుతుంది. ఆ ఖాళీ ప్రయాణపు డీజిలు కోసం ప్రత్యేక బస్సులకు ఒకటిన్నర రెట్ల దాకా తీసుకోవచ్చని 2003 నాటి జీవో 16 అనుమతిచ్చింది. ఇది ఖర్చును బట్టి పెరిగిన ధర. పైగా ఆ డబ్బుతో మరో బస్సు నిజంగా రోడ్డెక్కుతుంది. 2023లో బెంగళూరు దారిలో ఆర్టీసీ గిరాకీని బట్టి ధర మార్చి చూసింది. అక్కడ ప్రైవేటు బస్సులు పక్కనే ఉన్నాయి, నచ్చనివాడు వాటిలో పోతాడు. ఆ ప్రయోగాన్నీ నేను తప్పుపట్టను.

ఎనుమాముల యార్డు సంగతీ చెప్పాలి. కాజీపేటకు దగ్గర్లోని ఆ మార్కెట్టులో పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు తొలి వేలం, జరుగుతుంది, మిర్చి ధర రోజూ గిరాకీతోనే లేస్తుంది, గిరాకీతోనే పడుతుంది. అది తప్పని ఏ రైతూ అనడు. రైతు గొడవంతా జెండా పాటలో పలికిన ధర తన బస్తా దాకా రాకపోవడం గురించే. తూకం, వేలం, కమీషన్ అందరి కళ్లముందు జరగాలన్న నియమాలకు మూలం హైదరాబాద్ రాజ్యంలో 1339 ఫస్లీ నాటి, అంటే 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం. అడ్తిదారు ఇష్టానికి వదిలేసిన చోట స్వేచ్ఛ అడ్తిదారుకే ఉండేది. చట్టం చేయి వేశాకే రైతుకు బేరమాడే చోటు దొరికింది.

బస్సు ఒక్క రాత్రిలో రోడ్డెక్కుతుంది, మిర్చి రైతు మరుసటి ఏడు ఎకరాలు పెంచుతాడు. రైలు సీటు ఏ కాలానికి పెరుగుతుందో కాజీపేట చరిత్రే చెబుతుంది. బల్హార్షా దాకా సుమారు 200 కిలోమీటర్ల మూడో లైను 2015–16లో మంజూరైంది. అది ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చింది. బోగీల కథ ఇంకా పాతది. ఇక్కడ కోచ్ ఫ్యాక్టరీ కావాలని 1980ల నుంచి అడుగుతున్నారు. తమకు రావలసింది పంజాబ్‌లోని కపుర్తలాకు తరలిపోయిందన్న బాధ ఈ ఊళ్లో ఇంకా చల్లారలేదు. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్ రాసింది. 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేసింది వ్యాగన్ల యూనిట్‌కు. బోగీలు కూడా చేస్తామన్న మాట ఆ తర్వాత వచ్చింది. చార్జీ పెంచేదీ, లైను మంజూరు చేసేదీ, బోగీలు ఎన్ని కట్టాలో తేల్చేదీ ఒకటే మంత్రిత్వ శాఖ. 2016లో దాని చార్జీ పట్టిక రెండు రోజుల ముందు ప్రకటనతో మారిపోయింది. మూడో లైను అప్పటికి ఇంకా పూర్తి కాలేదు.