పాత ఛాయాచిత్రములలో పారెడు నీరు

మన కుటుంబములలో పాత పెట్టెలు తెరచినపుడు తాతలనాటి ఛాయాచిత్రములు బయటపడుచుండును. వానిలో జలపాతపు చిత్రమొకటి యుండవచ్చును. అందు బండలు స్పష్టముగా నుండును. నీరు మాత్రము ఏకిన దూదివలె, ఆరవేసిన తెల్లచీరవలె కనబడును. పిల్లలు చూచి "ఈ ఫోటో చెడిపోయినది" అని పక్కన బెట్టుదురు. ఆ తెల్లదనమునకు ఒక చరిత్ర కలదు. దానిని తెలిసికొనినగాని ఆ చిత్రమును చదువజాలము.

1838లో పారిసు నగరమున డాగేర్ ఒక రాజవీథిని చిత్రించెను. ఫలకముపై రూపము పడుటకు కొన్ని నిమిషములు పట్టినందున, నడచిపోవు జనులును, బండ్లును జాడలేకపోయిరి. జోళ్లకు మెరుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనుజుడు మాత్రము మిగిలెను. నిలిచినది దక్కుట, కదలినది చెదరుట: తొలినాటి ఛాయాచిత్రకళకు ఇదియే ధర్మము.

మన దక్షిణదేశమునను అట్లే జరిగినది. మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడైన లినేయస్ ట్రైప్ 1858లో మధురకు వచ్చి, తిరుమల నాయకుడు 17వ శతాబ్దమున త్రవ్వించిన తెప్పకుళమును చిత్రించెను. ఆయన వాడినవి మైనము పట్టించిన కాగితపు నెగెటివులు. అవి వెలుతురును మెల్లగా గ్రహించును గనుక, గాలికి కదలు అలలు వానిపై నునుపు తేలును. ఆకాశమున మేఘములు పడనపుడు ట్రైప్ నెగెటివుపై చేతితోనే వానిని దిద్దెడివాడు.

1851లో ఆర్చర్ కనిపెట్టిన తడిగాజు పద్ధతివలన నిమిషములు సెకనులకు తగ్గినవి. 1856-57లో ఫ్రాన్సున లె గ్రే సముద్రపు టలలను పట్టగలిగెను. జలపాతములు మాత్రము ఇంకను చెదరుచునే యుండెను. 1872లో మైబ్రిడ్జ్ అమెరికాలోని యోసెమిటీ లోయకు పెద్దగాజు ఫలకములను మోసికొనిపోయి, అచ్చటి జలపాతములను తెల్లని పొగవలె చిత్రించెను. ఆశ్చర్యమేమనగా, 1878లో పరుగెత్తు గుర్రము కాళ్లను చెదరకుండ పట్టినవాడును ఆయనయే. 1871లో మాడక్స్ ప్రారంభించిన జెలటిన్ పొడిగాజు పద్ధతి తరువాత మెరుగుపడి, సెకనులో చిన్న వంతు చాలునన్న స్థితి వచ్చినది. అంతవరకు విధిలేక వచ్చిన చెదరుపాటు, అటుపిమ్మట చిత్రకారుని యిష్టమునకు లోబడినది.

నేడు సెకనులో 500వ వంతు కాలము షట్టరు తెరచినచో బిందువులు గాజుపూసలవలె నిలుచును. ఒక సెకను తెరచినచో ప్రవాహము పట్టుదారమువలె సాగును. కెమేరా ముక్కాలి స్టాండుపై కదలక యుండవలెను; ఎండ హెచ్చైనచో వెలుతురును తగ్గించు నల్లగాజును అమర్చవలెను. మన కన్ను బిందువును గాని, దారమును గాని విడిగా చూడదు. రెండును నీటి నిజములోని చెరియొక పాలు.

ఇది వినోదపు మాట మాత్రమే కాదు. కావేరిపై శివసముద్రమున 1902లో విద్యుత్కేంద్రము నెలకొని, మన తెలుగు కుటుంబములు పెక్కు నివసించిన కోలారు బంగారు గనులకు కరెంటు నందించినది. నాటినుండి జలపాతమునకు పోవు నీటిలో కొంత మళ్లింపబడినది. అంతకు పూర్వపు చిత్రము దొరకినచో అది నదీచరిత్రకు సాక్ష్యము. ఆ సాక్ష్యమును విచారించు తీరు మాత్రము తెలియవలెను. షట్టరు తెరచియున్నంతసేపు నీరు తాకిన ప్రతి తావును తెల్లబారును. కావున సన్నని ధారయు దట్టముగా దోచును. తెలుపును చూచి నీటి కొలత చెప్పరాదు. చిత్రము తీసిన మాసమేదో, వానకాలమో వేసవియో తెలియనిదే రెండు చిత్రములను పోల్చరాదు.

అందుచేత చదువరులకు మా మనవి యొకటి. అట్టి చిత్రములను చెడిపోయినవని పారవేయకుడు. ఇంటి పెద్దలుండగనే అడిగి, ఏ యూరు, ఏ యేరు, ఏ సంవత్సరము, ఒడ్డున నిలిచినవారెవరు అను వివరములను వెనుకవైపున పెన్సిలుతో తెలుగున వ్రాసియుంచుడు. కదలిన నీరు తెల్లని జాడనైన విడిచినది. చెప్పగలవారు పోయినపిమ్మట ఒడ్డున నిలిచిన మనవారి పేర్లకు ఆ జాడయు మిగులదు.