ఆగితే చవకన్న రోజులు

2018 సెప్టెంబరులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 2080 గ్రాఫిక్స్ కార్డును 699 డాలర్ల ప్రారంభ ధరకు విడుదల చేసింది. ఏడాదిన్నర ముందు, 2017 మార్చిలో, అదే కంపెనీ జీటీఎక్స్ 1080 టీఐని అమ్మకానికి పెట్టినప్పుడూ ధర 699 డాలర్లే. అప్పటి గేముల్లో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు వేగంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా పాతదానిలో 11 జీబీ మెమరీ ఉంటే కొత్తదానిలో ఉన్నది 8 జీబీయే. కొత్తదానికి గేములో వెలుగునీడలను సహజంగా చూపే రే ట్రేసింగ్ అనే విద్య వచ్చిన మాట నిజమే కానీ, ఆ విద్యను వాడుకునే గేము ఆ రోజున బజారులో ఒక్కటీ లేదు. ఇంకో తరం వచ్చేదాకా ఆగితే అదే డబ్బుకు ఎంతో మెరుగైన కార్డు దొరుకుతుందన్నది గేమర్ల మధ్య వేదవాక్కులా చెలామణీ అయ్యే మాట. ఆ మాట నమ్మి ఏడాదిన్నర ఓపిక పట్టినవాళ్లకు దక్కింది శూన్యం. అలాగని ఆ మాట మొదటినుంచీ అబద్ధమూ కాదు. రెండు కారణాలు కలిసి నడిచిన ఇరవై ఏళ్లలో పుట్టి, పెరిగి, నిజమనిపించుకున్న ఆచారం అది. కారణాలు బలహీనపడ్డాయి, ఆచారం మాత్రం మిగిలింది.

ఆచారం పుట్టింది 1990ల చివర్లో. 1996లో 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ చిప్‌తో వచ్చిన కార్డులు త్రీడీ గేములను మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకు తెచ్చాయి. 4 ఎంబీ మెమరీ ఉన్న ఆ కార్డు త్రీడీ తప్ప ఇంకేమీ చేయదు. మామూలు తెర కోసం పక్కన ఇంకో కార్డు ఉండాల్సిందే. అయినా జనం ఎగబడ్డారు. ఆ తర్వాత మొదలైన పరుగు చూస్తే ఇప్పటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. ఎన్విడియా 1998లో రివా టీఎన్‌టీని, 1999 వసంతంలో టీఎన్‌టీ2ను, అదే ఏడాది అక్టోబరులో జీఫోర్స్ 256ను, 2000 ఏప్రిల్‌లో జీఫోర్స్2ను దింపింది. ఆరు నెలలకో కార్డు. ఇలాంటి రోజుల్లో ఇవాళ కొన్నవాడు అమాయకుడనీ, దీపావళిదాకా ఆగినవాడు తెలివైనవాడనీ అనిపించడంలో వింతేముంది?

ఆ ఓపికకు కూలి గిట్టించిన కారణాల్లో మొదటిది చిప్‌ల తయారీ. ట్రాన్సిస్టర్ చిన్నదవుతున్నకొద్దీ అదే సిలికాన్ ముక్కపై ఎక్కువ పని పట్టేది, ఒక్కో ట్రాన్సిస్టర్ ఖర్చు తగ్గేది. రెండోది పోటీ. తయారీ ఖర్చు తగ్గితే ఆ లాభం కంపెనీ జేబులోనే ఉండిపోవచ్చు; దాన్ని కొనేవాడి చేతికి చేర్చింది పోటీయే. 2006 నవంబరులో 8800 జీటీఎక్స్ ధర 599 డాలర్లు. ఏడాది తిరిగేలోపే, 2007 అక్టోబరు చివర్లో, 8800 జీటీ దాదాపు దాని దరిదాపుల్లో ఆడుతూ 250 డాలర్లకు వచ్చింది. మరుసటి ఏడాది జరిగింది ఇంకా ముచ్చటైన కథ. 2008 జూన్‌లో ఎన్విడియా జీటీఎక్స్ 280కి 649 డాలర్లు కట్టింది. అదే నెలలో, అప్పటికే ఎన్విడియా ప్రత్యర్థి ఏటీఐని కొనేసిన ఏఎండీ, రేడియాన్ హెచ్‌డీ 4870ని 299కే పెట్టింది. జూలైలోనే జీటీఎక్స్ 280 ధర 499కి దిగింది. నెల రోజుల ఓపికకు 150 డాలర్లు!

ఆ మంచి రోజుల్లో కూడా ప్రతి ఎదురుచూపూ ఫలించలేదన్నది గుర్తుంచుకోవాలి. 1999 చివర్లో 3డీఎఫ్ఎక్స్ నాలుగు చిప్‌ల వూడూ5 6000ను ప్రకటించింది. దాని కోసం ఆగినవాళ్లు ఆగుతూనే ఉండిపోయారు. అది దుకాణానికి రాలేదు. 2000 డిసెంబరులో కంపెనీయే తన ఆస్తులను ఎన్విడియాకు అమ్ముకుంది. ముందుగా కొన్నవాళ్ల తిప్పలు వేరు. 2003 సెప్టెంబరులో ఏటీఐ తన 499 డాలర్ల రేడియాన్ 9800 ఎక్స్‌టీతో పాటు హాఫ్‌లైఫ్ 2 గేముకు కూపన్ ఇచ్చింది. ఆ గేము అదే నెలాఖరున రావాలి. వచ్చింది 2004 నవంబరు 16న. ఈలోగా రేడియాన్ ఎక్స్800, జీఫోర్స్ 6800 రెండూ దిగి కూపన్ కార్డును పాతసరుకు చేశాయి. ఒకరు రాని కార్డును నమ్మారు, ఇంకొకరు రాని గేమును నమ్మారు. చేతిలో లేనిదాన్ని లెక్కలో వేసుకోవడం ఇద్దరూ చేసిన తప్పు.

రెండు కారణాల్లో ముందు మందగించింది తయారీ. 2012 నుంచి 2016 దాకా కార్డులన్నీ 28 నానోమీటర్ల తయారీ పద్ధతి దగ్గరే ఆగిపోయాయి. ఆ కాలంలోనూ డిజైన్ నేర్పుతో కొంత లాభం రాకపోలేదు. 2014లో 329 డాలర్ల జీటీఎక్స్ 970, అంతకు ముందు ఏడాది 699కి అమ్మిన జీటీఎక్స్ 780 టీఐకి దగ్గరగా ఆడింది. ఆ తర్వాత మాత్రం కొత్త తయారీ పద్ధతి వచ్చిన ప్రతిసారీ ఖర్చు కూడా దానితోపాటే పెరిగింది. 2022 సెప్టెంబరులో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, చిప్‌ల ధరలు కాలంతోపాటు తగ్గుతాయన్న ఆలోచన గతించిన కథ అని నేరుగానే చెప్పారు. అమ్ముకునేవాడి మాట కదా అని కొట్టిపారేయవచ్చు. కానీ లెక్కలు చూడండి. 2006లో 599 డాలర్లకు 8800 జీటీఎక్స్, అంటే అప్పటికి అన్నిటికన్నా పైనున్న కార్డు. 2016లో జీటీఎక్స్ 1080 ప్రారంభ ధరా అంతే, అప్పటికి దానిదీ పైస్థానమే. 2023 ఏప్రిల్‌లో అదే 599కి వచ్చిన ఆర్‌టీఎక్స్ 4070 వరుసలో నాలుగోది. దాని పైన 4090, 4080, 4070 టీఐ ఉన్నాయి.

మన దేశంలో కొనేవాళ్లకు ఈ లెక్కలో ఇంకో అంకె కూడా కలుస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో అడిగినా, గ్రాఫిక్స్ కార్డు ధర డాలరు మీద కట్టిందే. 2006 చివర్లో డాలరు సుమారు 45 రూపాయలు, 2016 మేలో సుమారు 67, 2023 ఏప్రిల్‌లో సుమారు 82. పన్నులూ వర్తకుల లాభమూ పక్కన పెట్టినా, ఆ 599 డాలర్లు 27,000 నుంచి 40,000కు, అక్కడినుంచి 49,000కు పెరిగాయి. ఆగినకొద్దీ డాలరులో మిగిలిన పదీ ఇరవై ఇక్కడ రూపాయి మింగేస్తుంది. ఆగడం చవకన్న సూత్రాన్ని అమెరికా ధరలు చూసి అప్పు తెచ్చుకున్నాం కానీ, మారకం రేటును లెక్కలో వేసుకోలేదు.

ఆగడం కలిసిరాదన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. 2021లో గిరాకీ తారస్థాయిలో ఉన్నప్పుడు 699 డాలర్ల ఆర్‌టీఎక్స్ 3080 బయట రెట్టింపు ధర దాటి పలికింది. కొంత కరోనా కాలపు కొరత, కొంత ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ తవ్వకం. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకోగానే తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేకుండా పోయింది, వాడిన కార్డులు బజారులో గుట్టలు పడ్డాయి. మరి ఆగినవాళ్లు గెలిచినట్టే కదా? గెలిచారు, నిజమే. అయితే వాళ్లు ఆగింది కొత్త తరం కోసం కాదు, కొరత తీరడం కోసం. ఆషాఢం తగ్గింపు కోసం బట్టల కొనుగోలు వాయిదా వేసేవాళ్లకు నెల తెలుసు, షాపు తెలుసు, బట్ట కళ్లముందే ఉంటుంది. కొరతలో ఆగేవాడిదీ దాదాపు అదే పరిస్థితి: అసలు ధర ఎంతో తెలుసు, కార్డు ఎలా ఆడుతుందో తెలుసు. ఇంకా ప్రకటించని కార్డు కోసం ఆగేవాడికి ఇవేవీ తెలియవు. పోటీ మళ్లీ పుంజుకుంటే పాత రోజులు తిరిగి రావచ్చని ఇంకో వాదన. కానీ 2008లో గేమర్లే ఎన్విడియాకు పెద్ద ఖాతాదారులు. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీకి డేటా సెంటర్ల నుంచి వచ్చింది సుమారు 115 బిలియన్ డాలర్లు, గేమింగ్ నుంచి సుమారు 11 బిలియన్లు. పదో వంతు కూడా ఇవ్వని ఖాతాదారు కోసం 150 డాలర్లు తెగ్గోసే తొందర ఎవరికుంటుంది?

1080 టీఐ కొన్నవాళ్ల సంగతి ఏమైందో చూస్తే మిగతాది తెలుస్తుంది. 2018లో వాళ్లకు కొనాల్సిన పని పడలేదు. 2020 సెప్టెంబరులో, ఇక మార్చుకోవచ్చని హువాంగ్ వాళ్ల తరాన్ని పేరుపెట్టి మరీ పిలిచారు. దుకాణానికి వెళితే సరుకు లేదు. 2021 జూన్‌లో గేముల వేగం పెంచేందుకు ఏఎండీ తెచ్చిన ఎఫ్ఎస్ఆర్ అనే సాఫ్ట్‌వేర్ పాత ఎన్విడియా కార్డుల మీద కూడా పనిచేసింది. సొంత కంపెనీ అలాంటిదే అయిన తన డీఎల్ఎస్ఎస్‌ను కొత్త కార్డులకే పరిమితం చేస్తే, పోటీ కంపెనీ వచ్చి ఆయుష్షు పోసిందన్నమాట. 2022లో ధరలు చూసి వెనక్కి తగ్గారు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేముకు రే ట్రేసింగ్ చేయగల కార్డు ఉండి తీరాలి. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్‌కూ అంతే. ఆ గేములు ఆడాలనుకున్నవాళ్లు ధర ఎంతున్నా కొన్నారు, అక్కర్లేనివాళ్లు పాతదాంతోనే ఉన్నారు. కొత్త గేముల కోసం ఆ కార్డుకు చేసే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామంది. ఆ డ్రైవర్లు ఆగేనాటికి కార్డు వయసు ఎనిమిదిన్నరేళ్లు.