గాలిమర నీడన బడి



మన మెట్టలపై వీచు గాలిని పూర్వులు ధాన్యము తూర్పారబట్టుటకు వాడుకొనిరి. ఆ గాలియే 2016వ సంవత్సరమున పరిగి ప్రాంతమందలి నజీరాబాదు కడ విద్యుచ్ఛక్తి నిచ్చుట కారంభించినది. అచ్చట నెలకొల్పిన మరలు 48. ఒక్కొక్కదాని శక్తి 2.1 మెగావాట్లు, మొత్తము 100.8 మెగావాట్లు. స్తంభముల యెత్తు 120 మీటర్లు. ఆ త్రోవన పోవువారు నిలిచి చూచి వింతపడుదురు. బడిపంతులనగుటచే నాకు వేఱొక ప్రశ్న తోచును. ఆ స్తంభమెక్కి మర బాగుచేయువాడు మన యూరి పిల్లవాడగునా, లేక క్రింద కావలి కాయుటయే వాని వంతగునా?

ఈ ప్రశ్నకు చరిత్రయందొక యుత్తరము కలదు. డెన్మార్కు దేశమున ఆస్కోవ్ అను పల్లెలో రైతుబిడ్డలకై యేర్పడిన జానపద పాఠశాలయందు పౌల్ లా కూర్ (1846–1908) అను నుపాధ్యాయుడు గణితమును, భౌతికశాస్త్రమును చెప్పుచుండెను. పల్లెకు విద్యుత్తు చేర్చవలెననుట యాతని దీక్ష. 1891లో ప్రభుత్వ సాహాయ్యముతో గాలిమర కట్టి విద్యుత్తు పుట్టించెను. గాలి నిలిచిన దినమున నేమి గతి? ఆ విద్యుత్తుచే నీటిని విడదీసి, ఉదజని వాయువును నిలువచేసి, 1895 మొదలు దానితో బడి దీపములు వెలిగించెను.

యంత్రము కట్టుటతో నాతడు తృప్తి చెందలేదు. 1904లో పల్లె యువకులకు విద్యుత్పని నేర్పు తరగతులు పెట్టెను. ఆ శిష్యులలో యోహన్నెస్ యూల్ ఒకడు. ఈతడే 1957లో గెడ్సర్ కడ 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిలిపెను. అది 1967 వఱకు పనిచేసి, నేటి పెద్ద మరలకు దారి చూపినది. గురువు నాటిన విత్తు అర్ధశతాబ్దికి ఫలించినదన్నమాట.

ఇట్టి విద్యకు మన యింట పునాది లేదనరాదు. పంచాంగ గణితము చదువునపుడు నేను పండ్రెండంగుళముల శంకువు నాటి, విషువద్దినమున మధ్యాహ్నపు నీడను కొలిచినవాడను. మన ప్రాంతమున నది సుమారు మూడు ముప్పాతిక అంగుళములు. దానివలన అక్షాంశము 17 భాగలకు కొంచె మెక్కువయని తేలును. సూర్యఫలకమును దక్షిణముఖముగా నించుమించు ఆ వాలుననే నిలుపుదురు. పదవ తరగతి త్రికోణమితియు నిదియే. కాని బాలుడు దానిని పరీక్షకై వల్లించునే గాని నీడను కొలువడు.

2015లో కేంద్రప్రభుత్వము ‘సూర్యమిత్ర’ యను 600 గంటల శిక్షణ నేర్పఱచినది. అది పదవ తరగతి పిదప ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను మొదలగు పని నేర్చినవారి కుద్దేశింపబడినది. అనగా మొదటి మెట్టు మన యూరి బడియే. ఆ మెట్టు విఱిగినచో మీది మెట్లెన్ని యున్నను వ్యర్థము.

ఒక మాట దాచరాదు. ఫలకములు బిగించునపుడు పెక్కు చేతులు కావలయును. బిగించిన పిమ్మట కొలదిమందియే చాలుదురు. కావున నొక్క ఫలకమునే యెఱిగిన చదువు చాలదు. తీగయు, మోటారును, లెక్కయు నెఱిగినవాడు పొలములోని పంపు కడను, తాండూరు నాపరాతి కోతయంత్రము కడను, సిమెంటు కర్మాగారమునను బ్రతుకగలడు.

పెద్దలారా! మీ బడి ముంగిట నొక శంకువు నాటింపుడు. సెప్టెంబరు విషువమునాడు బాలురచేతను, బాలికలచేతను నీడ కొలిపింపుడు. ఏడాదికొకమారు పై తరగతివారిని నజీరాబాదు మరల కడకు పంపి, పనివారిచే మాటాడింపుడు. వీనికి వ్యయము స్వల్పము. గాలియు నెండయు మన యూరివే. వానిని పనిచేయించు విద్యయు మన యూరిదే కావలయునని విన్నవించి సెలవు గైకొనుచున్నాను.