నిప్పురవ్వకి ముహూర్తం

మనవాళ్ళు ముహూర్తం లేనిదే ఏ పనీ మొదలుపెట్టరని నవ్వేవాళ్ళున్నారు. పెళ్ళికీ ముహూర్తమే, గృహప్రవేశానికీ ముహూర్తమే, కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడానికీ ముహూర్తమే. నవ్వితే నవ్వారు గాని, ఆ నిమ్మకాయల మీంచి కదిలే కారుందే, దాని చాదస్తం ముందు మనదొక లెక్కా! మన పురోహితుడు ఘడియ అటూ ఇటూ అయినా సర్దుకుంటాడు. ఇంజను మాత్రం సెకనులో వెయ్యో వంతు తేడా వచ్చినా ఊరుకోదు. అలుగుతుంది, దగ్గుతుంది, ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. ఒకప్పుడైతే కోపమొచ్చి, తిప్పినవాడి చెయ్యి కూడా విరిచేది!

ఈ ముహూర్తానికి మెకానిక్కులు పెట్టిన పేరు టైమింగ్. అది ఎవరు పెట్టాలి, ఎలా పెట్టాలి అన్న ప్రశ్న చుట్టూ నూట ముప్ఫై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ళ ప్రమేయం కూడా కాస్త ఎక్కువే. ఆ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ గనక ఇవాళ చెప్పాలనిపించింది.

ముందు అసలు విషయం. ఇంజను సిలిండరులోకి పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి వస్తాయి. పిస్టన్ రోకలిలాగా పైకి పోయి ఆ మిశ్రమాన్ని నొక్కి పెడుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడితే మంట పుట్టి పిస్టన్‌ని కిందికి తోస్తుంది. అయితే మంట అంతటా అంటుకోడానికి కొంచెం వ్యవధి కావాలి. చుట్టాలు వచ్చి కూర్చున్నాక అగ్గిపుల్ల గీస్తే కాఫీ ఎప్పటికి ఇచ్చేను? అందుకని పిస్టన్ కొసకంటా చేరడానికి కాస్త ముందుగానే రవ్వ పడాలి.

ఎంత ముందుగా? నిమిషానికి 1000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకి సెకనులో వెయ్యింట 60 వంతులు పడుతుంది. మంటకి అలాంటి వంతులు రెండు కావాలనుకుంటే, చుట్టులో 12 డిగ్రీలు ముందుగా రవ్వ వెయ్యాలి. అదే 3000 చుట్లయితే, స్థూలంగా 36 డిగ్రీలు. అంటే వేగం మారినకొద్దీ ముహూర్తమూ మారాలన్నమాట. ఇదీ చిక్కు.

ఇంకొక్క మాట చెబితే శాస్త్రం అయిపోతుంది. మన తిరగలికి నడిమధ్య కాకుండా ఓరగా ఒక పిడి ఉంటుంది చూడండి, చెయ్యి ముందుకీ వెనక్కీ పోతుంటే రాయి గుండ్రంగా తిరుగుతుంది. క్రాంకు అంటే అదే. తిరగలి పిడి పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి స్థానంలో ఇంజనులో పిస్టన్ ఉంటుంది, అంతే తేడా. ఆ క్రాంకు ఇరుసు ముందు కొసకి బావి గిలకలాంటి చక్రం ఒకటి బిగిస్తారు. అదే క్రాంకు పుల్లీ. దానికి బెల్టు తగిలించి ఫ్యానూ, డైనమో తిప్పుతారు. ఆ పుల్లీ అంచున చిన్న గాటు ఉంటుంది. ఇంజనుకి పంచాంగం ఆ గాటే.

జర్మనీలో నికొలాస్ ఓటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజను నడిపినప్పుడు రవ్వ లేదు. పక్కన చిన్న దీపంలాంటి మంట వెలుగుతూ ఉండేది. తలుపులా జరిగే ఒక పలక సమయానికి దాన్ని లోపలికి చూపించేది. ఆ తరవాత డైమ్లర్ ఇంజన్లలో ఎర్రగా కాలిన గొట్టం పెట్టారు. మిశ్రమం నొక్కుకుని ఆ గొట్టంలోకి పోయి అంటుకునేది. దానికి ఎవరూ ముహూర్తం పెట్టలేరు, అది అంటుకున్నప్పుడే సుముహూర్తం! కార్ల్ బెంజ్ మాత్రం కరెంటు రవ్వనే పట్టుకున్నాడు. 1886 జనవరి 29న తన మూడు చక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. బండి అయితే తయారైంది గాని, కొనేవాడు కనిపించలేదు.

1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఒకనాటి పొద్దున్నే భర్తకి చెప్పకుండా, పెద్ద కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని బండి తీసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి, నూరు కిలోమీటర్లకి పైన. దారిలో పెట్రోలు బంకులుండే రోజులా అవి? వీస్లోక్ ఊళ్ళో మందుల షాపులో, మరకలు పోగొట్టే ద్రావకం కొని బండిలో పోసింది. గొట్టంలో నలక అడ్డం పడితే టోపీకి పెట్టుకునే పొడుగు పిన్నుతో తీసింది. కరెంటు తీగ ఒరుసుకుపోయి రవ్వ సరిగా రాకపోతే, మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి ఆ తీగకి చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. సాయంత్రానికి పుట్టిల్లు చేరి భర్తకి టెలిగ్రాం ఇచ్చింది. ఇంటికొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని కూడా చెప్పిందిట. మొట్టమొదటి దూరప్రయాణం చేసిన డ్రైవరూ, నడిదారిలో మరమ్మతు చేసుకున్న మెకానిక్కూ ఒక ఆడమనిషే. అదీ వర్క్‌షాపులో కాదు, వంటి మీదున్న వస్తువులతో!

మరి అలాంటి మొదలు పడ్డ కథ, తరవాత మగవాళ్ళ సొత్తు ఎలా అయింది? దానికి పెద్ద కారణం ఆ తిరగలి పిడే.

1902లో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ హెచ్చు వోల్టేజి మాగ్నెటో తయారుచేశాక రవ్వ గట్టిపడింది, ఇంజన్లూ పెద్దవయ్యాయి. వాటిని బయలుదేరదియ్యాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిల్ క్రాంకుకి తగిలించి, శక్తికొద్దీ తిప్పాలి. 1908 అక్టోబరులో వచ్చిన ఫోర్డు మోడల్ టి సంగతే తీసుకోండి. 1927లో తయారీ ఆపేనాటికి కోటీ యాభై లక్షలకి పైగా అమ్ముడైన బండి. స్టీరింగు కింద కుడివైపు పెట్రోలు మీట, ఎడమవైపు రవ్వ మీట. నడుపుతున్నంతసేపూ ముహూర్తం పెట్టే పురోహితుడు డ్రైవరే. వేగం అందుకున్నాక మీట కిందికి లాగి రవ్వని ముందుకి జరపాలి. బండి స్టార్టు చేసేముందు మాత్రం మీటని పైకి నెట్టి, రవ్వ ఆలస్యంగా పడేట్టు చెయ్యాలి.

అది మరిచిపోయాడా, అయిపోయిందే! చేత్తో తిప్పేటప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది గదా. రవ్వ తొందరపడితే పిస్టన్ పైకి చేరకముందే మంట దాన్ని వెనక్కి తంతుంది. ఇనప హ్యాండిల్ గిర్రున ఎదురు తిరిగి మణికట్టు విరుస్తుంది. అందుకే ఎడమచేత్తో, కింద నుంచి పైకి మాత్రమే లాగాలనీ, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి గాని పిడి చుట్టూ మడవకూడదనీ చిలక్కి చెప్పినట్టు చెప్పేవారు. అయినా ఎన్ని చేతులు విరిగాయంటే, డాక్టర్లు మణికట్టు దగ్గర ఒక రకం ఎముక విరుగుడికి డ్రైవరు పేరే పెట్టారు. షోఫర్స్ ఫ్రాక్చర్ అని వైద్య పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది.

ఇంక ఆడవాళ్ళకి ఏం చెప్పారో ఊహించుకోండి. ఇది మీవల్ల కాదు తల్లీ, మీకు బ్యాటరీ కార్లున్నాయిగా అన్నారు. ఆ మాటకొస్తే, లోకానికంతటికీ పెట్రోలు బళ్ళు అమ్మిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా ఫోర్డు నడిపింది 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్! భర్త చేసిన బండి భార్యకి పనికిరాలేదన్నమాట.

ఈ చిక్కు విప్పినవాడు చార్లెస్ కెటరింగ్. అంతకుముందు దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే మిషన్లకి కరెంటు మోటారు అమర్చిన అనుభవం ఉందాయనకి. సొరుగు తెరవడానికి మోటారు రోజంతా తిరగక్కర్లేదు, ఒక్క క్షణం బలంగా తిరిగితే చాలు. ఇంజనుకీ అంతే కదా అనుకున్నాడు. క్యాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలండ్ ఆ పని ఆయనకే అప్పజెప్పాడు. 1912 క్యాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. విచిత్రమేమిటంటే, బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కూడా అంతకు రెండేళ్ళ ముందే క్యాడిలాక్‌లో పెట్టించింది ఆయనే. చెయ్యి విరిచే పిడినీ, ముహూర్తం పెట్టే మీటనీ రెండింటినీ చక్కబెట్టే దారి ఒకే మనిషి చూపించాడు. ఫోర్డు తన మోడల్ టికి ఆ స్టార్టరు 1919 దాకా పెట్టలేదు.

తరవాత డిస్ట్రిబ్యూటరు లోపల చిన్న బరువులూ, స్ప్రింగులూ చేరాయి. వేగం పెరిగితే బరువులు విడివడి రవ్వని తామే ముందుకి జరుపుతాయి. డ్రైవరు చేతి మీట అక్కర్లేకపోయింది. స్టీరింగు ఆడవాళ్ళ చేతికొచ్చింది. సంతోషమే. కాని స్టీరింగు చేతికిచ్చి బానెట్టు మూసేశారు. అంతకుముందు, 1909లోనే ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే కార్ల పందేల క్రీడాకారిణి ఆడవాళ్ళ కోసం కారు గురించి ఒక పుస్తకమే రాసింది. వెనక వచ్చే బళ్ళు కనపడేలా చేతి అద్దం దగ్గర పెట్టుకోమని సలహా ఇచ్చింది కూడా ఆవిడే. ఆ పుస్తకం బానెట్టు ఎత్తి చూడమనే చెప్పింది. బానెట్టు మళ్ళీ తెరవడానికి యుద్ధం రావాల్సొచ్చింది. 1945లో పద్ధెనిమిదేళ్ళ ఎలిజబెత్ రాకుమారి సైన్యపు మహిళా విభాగంలో చేరి, లారీలు నడపడమూ, వాటి ఇంజన్లు బాగుచెయ్యడమూ నేర్చుకుంది. తరవాత డెబ్భై ఏళ్ళు రాణిగా ఉన్న ఎలిజబెతే ఆ పిల్ల.

మనదేశానికొస్తే, 1950ల చివర్నుంచి 2014 మే దాకా ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైన అంబాసిడరు ఇంటింటి వైద్యానికి లొంగిన బండి. రాజమండ్రిలో మా బాబాయికి ఒకటుండేది. ఇంజను ముందు భాగంలో గలగలమని చప్పుడొస్తే, లోపలి టైమింగ్ చైను సాగిందని ఆయన తేల్చేవాడు. ఇంక ఆదివారమంతా దానికే. రేడియేటరు విప్పి పక్కన పెట్టాలి. బండిని టాపు గేరులో వేసి, హ్యాండు బ్రేకు లాగి క్రాంకు కదలకుండా చెయ్యాలి. పుల్లీని పట్టుకునే పెద్ద నట్టు కింద ఒక రేకు చెవి మడిచి ఉంటుంది. దాన్ని ఉలితో నిలబెట్టి, పెద్ద పానా తగిలించి సుత్తితో ఎడాపెడా నాలుగు దెబ్బలేస్తే గాని నట్టు వదలదు. తరవాత పుల్లీని రెండు వైపులా సమంగా, ఓపిగ్గా లాగాలి. ఒకవైపే ఎగదోస్తే బిగుసుకుంటుంది. పుల్లీ ఊడొచ్చాక ఇరుసు గాడిలో ఒక అర్ధచంద్రం ముక్క కనిపిస్తుంది. పుల్లీని ఇరుసునీ కలిపి తిప్పేది అదే. అది మట్టిలో పడిందా, పెరడంతా జల్లెడ పట్టాల్సిందే. చైను కొత్తది వేసేటప్పుడు రెండు పళ్ళచక్రాల మీదా ఉండే చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి.

అన్నీ బిగించాక అసలు ముహూర్తం. మొదటి సిలిండరు ప్లగ్గు తీసి, ఆ కంతకి బొటనవేలు అడ్డుపెట్టి హ్యాండిల్ తిప్పితే గాలి వేలిని తోసినప్పుడు పిస్టన్ పైకొస్తోందని గుర్తు. అక్కడ నుంచి పుల్లీ గాటు, కవరు మీది సూదిమొనకి ఎదురుగా వచ్చేదాకా తిప్పాలి. కాయిలుకీ పాయింట్లకీ మధ్య తీగనుంచి ఇంజను ఇనుముకి ఒక చిన్న బల్బు కలిపి, తాళం తిప్పి, డిస్ట్రిబ్యూటరుని మెల్లగా జరపాలి. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. రవ్వ పడే క్షణమూ అదే. ఆ బల్బు పట్టుకునే పని మా పిన్నిది.

"వెలిగిందా?" అనేవాడు బాబాయి.

"ఆఁ, వెలిగింది. ఉండండి, మళ్ళీ జరిపారు, ఆరిపోయింది. ఇందాకటి చోటికే తీసుకురండి."

"సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నానండీ. ఇదుగో, ఇక్కడ. ఇంక బిగించండి."

పానా ఆయన చేతిలో ఉండేది గాని, తీర్పు ఆవిడది. వీధిలో వాళ్ళు మాత్రం బండి ఆయనే బాగుచేసుకుంటాడని చెప్పుకునేవారు.

కొందరి దగ్గర టైమింగ్ లైటు కూడా ఉండేది. మొదటి ప్లగ్గులో రవ్వ పడినప్పుడల్లా అది చటుక్కున మెరుస్తుంది. ఆ మెరుపులో చూస్తే గిరగిరా తిరిగే పుల్లీ ఆగిపోయినట్టుండి, గాటు కదలకుండా కనిపిస్తుంది. రేసు పెంచితే గాటు మెల్లగా పక్కకి జరుగుతుంది. లోపలి బరువులు పనిచేస్తున్నాయని సాక్ష్యం అన్నమాట.

ఆ బరువుల పని కూడా పోయింది. 1977లో ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో రవ్వ సమయాన్ని లెక్కకట్టే చిన్న కంప్యూటరు పెట్టారు. ఇప్పటి కార్లలో క్రాంకుతో పాటు తిరిగే పళ్ళచక్రం ఉంటుంది. దానికి ఒకటి రెండు పళ్ళు కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీని కనిపెట్టి, క్రాంకు ఎక్కడుందో సెన్సారు చెబుతుంది. ముహూర్తం ప్రతి రవ్వకీ కొత్తగా లెక్కవుతుంది. మనం ఇంట్లో కూచుని మార్చేందుకు డిస్ట్రిబ్యూటరే లేదు. పుల్లీ మాత్రం ఉంది. చైనో బెల్టో మార్చాలంటే ఇవాళ కూడా చాలా కార్లకి దాన్ని ఊడదియ్యవలసిందే. చాలావాటిలో అదురు తగ్గడానికి పుల్లీ మధ్యలో రబ్బరు వేశారు. వెలుపలి అంచు పట్టుకుని లాగితే రబ్బరు తెగుతుంది, నడిమి భాగాన్నే పట్టి లాగాలి.

చేతులు విరగడం లేదు, పెట్రోలు వృథా తగ్గింది, పొగ తగ్గింది. పాతదే బాగుందని నేననను. అయితే పిడి పోయిందని స్టీరింగు ఇచ్చినవాళ్ళు, మీట పోయింది గనక లోపలేముందో మీకెందుకు అనడం మొదలెట్టారు. మునుపు ఆ మాట ఆడవాళ్ళతోనే అనేవారు. ఇప్పుడు మగవాళ్ళతోనూ అంటున్నారు. మాట మాత్రం అదే. బెర్తా బెంజ్‌తో ఎవరైనా ఆ మాట అనుంటే, ఆవిడ నడిదారిలో కూచుని భర్తకి కబురు పంపేది గాని పుట్టిల్లు చేరేది కాదు.

రవ్వకి ముహూర్తం కంప్యూటరే పెట్టుకోనివ్వండి. బానెట్టు ఎత్తి చూడ్డానికి మనకి ఏ ముహూర్తమూ అక్కర్లేదు.