గంజితొట్టి సత్రం నేర్పే పాఠం: వృద్ధాశ్రమం కట్టే ముందు ఒక మాట



పోయిన సమావేశంలో కవరైపేట్టైలో మన సంఘం తరఫున ఒక వృద్ధాశ్రమం కడదామనే మాట వచ్చింది. స్థలం ఎక్కడ, గదులు ఎన్ని, ఎవరు ఎంత ఇస్తారు, శిలాఫలకం మీద ఎవరి పేర్లు అని గంటన్నర మాట్లాడుకున్నాం. అందులో ఉండబోయే పెద్దాయనకు రాత్రి రెండు గంటలకు దాహమేస్తే నీళ్లు ఎవరిస్తారనే మాట మాత్రం రాలేదు. అందుకే మేము ఇది రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

దిక్కులేనివాళ్లను ఆదుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడ బీచ్ లోకల్ ఎక్కి వాషర్‌మెన్‌పేటలోనో రాయపురంలోనో దిగితే, స్టాన్లీ ఆసుపత్రి వైపు మణేగార్ సత్రం ఉంది. మణియక్కారర్ అంటే ఊరి పెద్ద, ఆ పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో మణేగార్ అయింది. 1780లో హైదర్ అలీ సేనలు కర్ణాటక ప్రాంతం మీదికి వచ్చాయి. పల్లెలు పాడయ్యాయి, పంటలు పోయాయి, జనం మద్రాసుకు పరుగెత్తారు. వెనకాలే కరువు వచ్చింది. 1782లో ఆ కరువు బాధితులకు గంజి పోయడానికి మొదలైనదే ఈ సత్రం.

గంజి తాగడానికి వచ్చినవాళ్లలో జబ్బు మనుషులు ఉంటారు, లేవలేని ముసలివాళ్లు ఉంటారు. కడుపు నింపి పంపేస్తే సరిపోదని అక్కడ తెలిసింది. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు సత్రం దగ్గర వైద్యం మొదలుపెట్టాడు. జనం దాన్ని కంజితొట్టి ఆసుపత్రి అన్నారు. అదే పెరిగి రాయపురం ఆసుపత్రి అయింది, తర్వాత స్టాన్లీ అయింది. 1938లో స్టాన్లీ వైద్య కళాశాల వచ్చింది. ఉత్తర చెన్నైలో ముసలివాళ్లు ఇప్పటికీ దాన్ని కంజితొట్టి అనే అంటారు.

ఇందులో మన తెలుగువాళ్ల చేయి కూడా ఉంది. నెల్లూరు సీమ వెంకటగిరి రాజా వారి సత్రం పేరును మణేగార్ సత్రం పేరుతో కలిపే చెప్పుకుంటారు. కరువు పోయింది, కంపెనీ పోయింది, జమీందారీలు పోయాయి. మణేగార్ సత్రం మాత్రం వృద్ధుల ఆశ్రమంగా నిలిచింది. ఒక దాత ఉత్సాహం మీద ఒక సంస్థ రెండు వందల ఏళ్లకు పైగా బతకదు. ప్రతి నెలా వచ్చే రాబడి ఉండాలి, లెక్క అడిగే మనుషులు ఉండాలి, పక్కనే వైద్యం ఉండాలి. మనం నేర్చుకోవలసింది అక్కడి నుంచే.

ఇక చట్టం సంగతి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. పెద్దవాళ్లను వదిలేసి పోతే మూడు నెలల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బీద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా చోటుండే ఆశ్రమాలను ప్రభుత్వం పెట్టవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. గమనించండి, పెట్టి తీరాలని కాదు, పెట్టవచ్చని. ఆశ్రమాల్లో వైద్యం, కాలక్షేపం ఏ స్థాయిలో ఉండాలో నియమాలు చేసే పనినీ రాష్ట్రానికే వదిలారు. 2011 జనాభా లెక్కల్లో 60 ఏళ్లు దాటినవాళ్లు దేశంలో నూటికి 8.6 అయితే తమిళనాడులో 10.4. అవసరం ముందు పరుగెత్తుతోంది, ఏర్పాటు వెనక నడుస్తోంది.

ఆ సందులో ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. కాంచీపురం జిల్లాలో ఒక ఆశ్రమం వ్యానును జనం ఆపితే, లోపల ఒక శవం పక్కనే ప్రాణమున్న వృద్ధులు ఉన్నారు. తర్వాత అధికారులు తనిఖీ చేసి, ఆ ఆశ్రమంలో ఉన్నవాళ్లను వేరే చోట్లకు మార్చారు. అక్కడ కట్టడం లేకపోలేదు, తిండి పెట్టేవాళ్లు లేకపోలేదు. బయటి మనిషి లోపలికి వెళ్లి ఒక్కొక్కరిని పేరు పెట్టి పలకరించే అలవాటు ఉండి ఉంటే, సంగతి వ్యాను దాకా వచ్చేదా?

మన దానం ఎలా ఉంటుందో చూడండి. పుట్టినరోజు వస్తే ఆశ్రమానికి కేసరి, వడ, ఒక ఫోటో. షుగర్ ఉన్నవాళ్లకు ఆ కేసరి దేనికి? పళ్లు లేనివాళ్లకు ఆ వడ దేనికి? సంరక్షణ బాగుందా లేదా అన్నది భోజనం వేళ కనబడదు, రాత్రి కనబడుతుంది. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. మరుగుదొడ్డి దారిలో దీపం ఉండాలి, పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. పగిలిన కళ్లద్దాలు ఆ వారంలోనే బాగుచేయించాలి.

రైల్వేలో డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి నోటిమాటగా చెప్పి ఇంటికి పోవడం కుదరదు. పుస్తకంలో రాసి, సంతకం పెట్టి చార్జి అప్పగించాలి. ఆశ్రమానికీ అలాంటి పుస్తకం కావాలి. ఎవరు మందు మింగలేదు, ఎవరు అన్నం వదిలేశారు, ఎవరికి జ్వరం అన్నది రాత్రి మనిషి రాసి పగటి మనిషికి ఇవ్వాలి.

ఇంకొకటి భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గుమ్మిడిపూండి, పొన్నేరి అంతకు ముందే ఇక్కడివే. మా లాగా చాలామంది బడిలో తమిళం చదివాం, ఇంట్లో అమ్మతో తెలుగు మాట్లాడాం. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. కడుపులో మంటగా ఉందని తెలుగులో చెప్పే అవ్వ మాట అర్థమయ్యే మనిషి ఒక్కరైనా రాత్రి పూట ఉండకపోతే, ఆ నొప్పి నొప్పిగా లెక్కకు రాదు. మన సంఘం చేయగలిగి, వేరేవాళ్లు చేయలేని పని ఇదే.

కాబట్టి మా మనవి ఇది. శంకుస్థాపనకు ముందు, ఇరవై మందిని మూడేళ్లు చూసుకోవడానికి నెలకు ఎంత అవుతుందో లెక్క వేద్దాం. ఆ డబ్బు బ్యాంకులో పడిన తర్వాతే ఇటుక కొందాం. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు నెలకొకసారి చెప్పకుండా వెళ్లి చూసే నియమం రాసుకుందాం, వాళ్లు చూసినది సమావేశంలో చదువుదాం. అందాకా ఆగక్కరలేదు. చుట్టుపక్కల ఆశ్రమాల్లో తెలుగు పెద్దలు ఎవరున్నారో కనుక్కొని, వాళ్ల అనుమతితో ఈ నెల నుంచే వెళ్లి కూర్చుని మాట్లాడవచ్చు. ఎవరికైనా ఇబ్బంది అని తెలిస్తే వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కింద మీ పేరు, మీకు వీలైన ఆదివారం రాయండి. మొదటి ఆదివారానికి మా పేరు రాసుకోండి.