పాత చందమామలు, పసుపెక్కిన కాగితం

పాత మాసపత్రికలు కూడబెట్టేవారికి చెదలకంటె, వానకంటె పెద్ద శత్రువు ఒకటున్నది. అది కాగితంలోనే పుట్టి ఉన్నది.

అమెరికాలో 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ను ప్రారంభించాడు. కేవలం వైజ్ఞానిక కల్పనా కథలకే కేటాయించిన తొలి ఇంగ్లీషు మాసపత్రిక ఇదే. వెల 25 సెంట్లు. అంతకు మూడేండ్లు ముందే అద్భుత, భయానక కథలకై ‘వియర్డ్ టేల్స్’ వెలువడింది. ఇటువంటివాటిని అక్కడ ‘పల్ప్’ పత్రికలన్నారు. చవకరకం కర్రగుజ్జు కాగితంమీద అచ్చువేయుటచేత ఆ పేరు వచ్చింది. చదివి పారవేయుటకు పుట్టినవి కనుకనే నేడు మంచి ప్రతులు అరుదు.

మన తెలుగువారిలో ఈ సరదా గలవారు ముందుగా వెదికేది చందమామను. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసునుండి దీనిని ప్రారంభించారు. అప్పటికి కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలు ఇంకా నైజాము ఏలుబడిలోనే ఉన్నాయి. 1952 నుండి పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు భౌతికశాస్త్రం చదివినవారు, హేతువాది. రాక్షసులను, మాంత్రికులను ఇంటింటికీ పంపినది అటువంటి మనిషి కావడం నాకు ముచ్చటగా తోస్తుంది. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ ధారావాహిక మొదలైంది. బొమ్మలు ‘చిత్రా’ గారివి.

ఇటువంటి ధారావాహికల పుటలను చించి, వరుసగా కుట్టించి, అట్ట వేయించుకొనే అలవాటు ఎన్నో ఇండ్లలో ఉండేది. ఆ పనివల్ల కథ మిగిలింది, ముఖచిత్రం పోయింది, ప్రకటనలు పోయాయి, నెలా సంవత్సరమూ పోయాయి. చరిత్రకు కావలసినవి ఆ పోయినవే.

ఇక కాగితం సంగతి. పూర్వం కాగితం గుడ్డపీలికలనుండి తయారయ్యేది. దానిలో సెల్యులోజు పోగులు పొడుగైనవి. 1844లో జర్మనీలో కెల్లర్ కర్రను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. కాగితం చవక అయింది గాని, కర్రలోని లిగ్నిన్ అందులోనే ఉండిపోయింది. వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ ఆక్సీకరణం చెంది పసుపెక్కుతుంది. దీనికి తోడు, సిరా పాకకుండా 1807 నుండి పటికను, పైను చెట్ల బంకనుండి వచ్చే రోసిన్‌ను కలుపుతున్నారు. తేమ తగిలినప్పుడు పటికనుండి ఆమ్లం పుట్టి, సెల్యులోజు గొలుసులను ముక్కలు చేస్తుంది. అందుచేత పుట మడిస్తే విరిగిపోతుంది. వేడి పెరిగినకొద్దీ ఈ చర్య వేగం పెరుగుతుంది. మన ఎండాకాలం సంగతి వేరే చెప్పనక్కరలేదు!

కాగితం పేరే ఊరిపేరైన కాగజ్‌నగర్ మన ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. 2016 నుండి ఆ ఊరు కుమురం భీం జిల్లాలో ఉన్నది. 1938లో స్థాపించిన సిర్పూరు కాగితపు మిల్లు వెదురును ముడిసరుకుగా వాడింది. వెదురును రసాయనాలతో ఉడికించినప్పుడు లిగ్నిన్ చాలావరకు తొలగిపోతుంది. అందుకే అటువంటి కాగితం అంత త్వరగా పసుపెక్కదు. కాని పటిక పడితే తెల్ల కాగితానికీ ఆయుష్షు తగ్గుతుంది. పటిక బదులు సుద్ద కలిపి క్షారగుణంతో తయారుచేసే కాగితం ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగంలోగాని విరివిగా వాడుకలోకి రాలేదు.

విద్యార్థులు దీనిని సులభంగా పరీక్షించవచ్చు. వార్తాపత్రిక ముక్కమీద ఒక రూపాయి బిళ్ళ ఉంచి, నాలుగైదు రోజులు ఎండలో పెట్టండి. బిళ్ళ తీస్తే కింద తెల్లని గుండ్రం కనబడుతుంది. పాత చందమామ అంచులు నడిమికంటె ఎక్కువ పసుపుగా ఉండటానికి కారణం అప్పుడు వేరే చెప్పవలసిన పని ఉండదు.

చందమామ అచ్చు 2010 తరువాత కొద్ది ఏండ్లలోనే ఆగిపోయింది. పాఠశాల గ్రంథాలయంలో పాత సంచికల కట్టలుంటే ఉపాధ్యాయులు వాటిని తూకానికి వేయవద్దు. జిగురు టేపు అంటించవద్దు, దాని జిగురు కాగితానికి మరక చేస్తుంది. కిటికీకి దూరంగా, పొడిచోట, పడుకోబెట్టి ఉంచాలి. ముఖచిత్రం ఊడిన సంచికకు నెల, సంవత్సరం తెలిస్తే పెన్సిలుతో ఒక చీటీమీద రాసి లోపల పెట్టండి.