లండను వలయమార్గము

లండను మహానగరమును జుట్టి 117 మైళ్ల పొడవున ఎం 25 అను మోటారుదారి గలదు. 1986వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన నాటి ప్రధానమంత్రి మార్గరెట్ థాచరుగారు దానికి ప్రారంభోత్సవము గావించిరి. పటమున జూచువారికి అది యొకే సంకల్పమున బుట్టిన వలయమువలె దోచును. నిజమునకు అది భగ్నమైన యొక పెద్ద ప్రణాళికలో మిగిలిన తునుకల యతుకు.

1944లో అబర్‌క్రాంబీ పండితుడు యుద్ధానంతర లండనునకై రచించిన ప్రణాళికలో ఒకదాని వెలుపల నొకటిగా వలయమార్గములను సూచించెను. 1960 తరువాత నగరపాలకులు నాలుగు వలయములు నిర్మింప నిశ్చయించిరి. లోపలివి జనులు క్రిక్కిరిసిన పేటల నడుమనుండి పోవలసియుండెను. వేలకొలది గృహములు నేలమట్టము గావలెను. అట్టి పని యెట్టిదో 1970లో తెరచిన వెస్ట్‌వే యను వంతెనదారి చూపెను. దాని ప్రక్కనున్న యాక్లాము వీథివారు, బండ్లు తమ కిటికీల చెంతనే పరుగిడుచుండ, వేరు గృహముల నిండని గుడ్డపై వ్రాసి వ్రేలాడగట్టిరి. ఆ యేటి నగరసభ యెన్నికలలో "రోడ్లకంటె ముందు ఇండ్లు" అను పేర నిలిచినవారు ఒక్క స్థానమైనను బొందలేదు. అయినను వారి వాదము నిలిచెను. 1973లో లేబరు పక్షము గెలిచి లోపలి వలయములను విడిచిపెట్టెను. మూడవ వలయపు ఉత్తరభాగమును, నాలుగవదాని దక్షిణభాగమును గలిపి కట్టినదే నేటి మార్గము.

గృహములు దక్కినవి, ఇది చిన్న లాభము గాదు. కాని మార్గము పూర్తియైన కొలది కాలముననే యెంచినదానికి మించి బండ్లు నిండెను. దారి సుగమమైనకొలది జనులు దూరపు పనులకు బోసాగిరి. క్రొత్త రోడ్లు క్రొత్త ప్రయాణములను బుట్టించునని 1994లో ప్రభుత్వము నియమించిన సంఘమే యొప్పుకొనెను. హీత్రూ విమానాశ్రయముకడ ఒక్కొక్క వైపున ఆరేసి వరుసలకు మార్గమును విస్తరించిరి. అచటను నేటికిని బండ్లు బారులు దీరి నిలుచుచున్నవి.